నూటపదహార్లూ, నాయనమ్మ దాచిన చార్మినారు రూపాయలూ

చాలా రోజులుగా రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. మొన్నొక పెళ్ళిలో చదివింపులు రాసే పెద్దమనిషి పక్కన కూర్చున్న మిత్రుడొకరు, "ఈ నూటపదహార్లు నిజాము కాలపు లెక్క, తెలుసునా? వంద ఇంగ్లీషు రూపాయలకు నూటపదహారు హాలీ రూపాయలు. అక్కడినుంచే వచ్చింది ఈ ఆచారం" అని ఘంటాపథంగా చెప్పారు. ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. నేనూ పదిసార్లు విన్నాను, రెండుమూడుసార్లు నమ్మాను కూడా. ఇంటికి వచ్చాక బీరువాలో ఉన్న మూడు వెండి నాణేలను తీసి చూసుకుంటూ కూర్చుంటే, ఈసారి రాయకుండా ఉండలేకపోయాను.

ఆ మూడూ మా నాయనమ్మవి. దేవరకొండ తాలూకాలోని మా పాత ఇంట్లో, వడ్లు పోసుకునే గుమ్మి వెనక గోడగూటిలో, గుడ్డ కట్టిన ఇత్తడి చెంబొకటి ఆమె పోయిన తరవాత దొరికింది. అందులో ఇరవైయొక్క రూపాయలు, కొన్ని రాగి పైసలు. రూపాయి మీద చార్మినారు బొమ్మ. దాని నడుమ ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం. మా పెదనాయన వాటిని ఊరి కంసాలికి చూపిస్తే గీటురాయి మీద గీసి, "వెండి తక్కువ, కలుపు ఎక్కువ" అని పెదవి విరిచాడట. అందువల్లనే అవి కరగకుండా మిగిలాయి. అన్నదమ్ముల పంపకాలలో కొన్ని కొన్ని తలా ఒకరికి పోయి, మూడు నా దాకా వచ్చాయి.

ఇరవైయొక్క రూపాయలను ఆమె ఎందుకు మార్పించుకోలేదన్నది నన్ను చిన్నప్పటినుంచీ వేధించిన ప్రశ్న. 1950లో భారత రూపాయి హైదరాబాదు రాజ్యంలోకి వచ్చాక, ఏడు హాలీలకు ఆరు భారత రూపాయల చొప్పున మార్చుకోవచ్చు. 1951తో హాలీ జారీ ఆగిపోయినా, 1959 దాకా చెల్లుబాటు ఉండనే ఉంది. ఎనిమిదేళ్ళు తక్కువ గడువేమీ కాదు. ఆమె బతికుండగా ఈ నాణేల సంగతి ఎవరికీ చెప్పలేదుగాని, హాలీ మార్పిడి గురించి మాత్రం ఒకసారి నాతో అంది: "ఏడు ఇస్తే ఆరిస్తరు బిడ్డా. ఇచ్చినకాడ ఒకటి పాయె గద!" ఇరవైయొకటి ఇస్తే పద్ధెనిమిది వస్తాయి. లెక్క ప్రకారం నష్టమేమీ లేదు, విలువకు విలువ సరిపోతుంది. కాని ఆమె దృష్టిలో మూడు రూపాయలు గాలిలో కలిసిపోతాయి. ఆ భయం ఊరకే పుట్టినది కాదు. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు ఈ నాణెం పుట్టిన చోటు చూద్దాం.

మన దక్షిణ తెలంగాణ మెట్టనేలకు నాణేలు కొత్తేమీ కాదు. 2024లో పాత నల్లగొండ జిల్లాలోని, ఇప్పుడు సూర్యాపేట జిల్లా అనవలసిన ఫణిగిరిలో, బౌద్ధారామపు తవ్వకాలలో మూత పెట్టిన మట్టికుండ ఒకటి దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నం. ఇక్ష్వాకుల కాలానివని పురావస్తు శాఖవారు తేల్చారు. మూడు నాలుగు శతాబ్దాలనాటి భిక్షువుల ఆవాసంలో ఎవరు దాచారో, ఏ భయంతో దాచారో! మా నాయనమ్మ చెంబు నాకు వెంటనే గుర్తొచ్చింది. అంతకు ముందటి కాలంలో నల్లగొండ ప్రాంతానికి రోము నుంచి కూడా వెండి వచ్చింది. అక్కెనపల్లిలో దొరికిన దాపులో పదిహేను వందల పైచిలుకు రోమను దీనారాలున్నాయి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమను నాణేలపై వెలువరించిన పుస్తకం ఇటువంటి దాపులన్నిటినీ ఒకచోట చేర్చింది. దక్షిణాదిన దొరికిన రోమను నాణేల్లో కొన్నిటిపై చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు ఉంటుంది. ఎందుకు పెట్టారన్నదానిపై పండితులకు పలు అభిప్రాయాలున్నాయి. లోపలి లోహాన్ని పరీక్షించడానికే అన్నది అందులో ఒకటి. మా ఊరి కంసాలి గీటురాయికి వంశం అంత పాతదన్నమాట!

ఇక నిజాముల కాలానికి వద్దాం. టంకశాల అనగానే మనకు ఒక రాజధాని, ఒక పెద్ద భవనం, ఒక ప్రభుత్వం తలపుకొస్తాయి. పంతొమ్మిదవ శతాబ్దపు తొలి సగంలో హైదరాబాదు రాజ్యంలో అలా లేదు. గద్వాల సంస్థానానికి తన టంకశాల ఉండేది. వనపర్తి సంస్థానం, పాత పేరు సుగూరు, తన నాణేలు తాను కొట్టుకునేది. నారాయణపేటలో మరొకటి. అక్కడి నాణేల మీద ఊరి పేరు దిల్షాదాబాదు. చీరలకు పేరుపడ్డ గద్వాల, నారాయణపేటలు రూపాయలకు కూడా పేరుపడ్డ ఊళ్ళన్న సంగతి నాకు ముప్ఫయ్యేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఈ మూడూ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోవే. చమత్కారమేమంటే, ఈ మూడూ ఇప్పుడు జిల్లా కేంద్రాలు. గద్వాల, వనపర్తి 2016లో, నారాయణపేట 2019లో అయ్యాయి. తన నాణెం తాను కొట్టుకున్న ఊరు ఎప్పటికైనా తన కలెక్టరును తాను తెచ్చుకుంటుందని అనుకోవచ్చునేమో!

ఆ టంకశాలల్లో యంత్రాలేమీ లేవు. వెండిని కరిగించి, ముక్కలుగా కోసి, తూకం చూసి, గుండ్రంగా సాగగొట్టేవారు. కింద దాగలిలో ఒక అచ్చు బిగించి, పైన ఇంకొక అచ్చు చేత పట్టుకుని సుత్తితో ఒక్క దెబ్బ. అచ్చు బిళ్ళకంటె పెద్దది కావడంతో పారసీ అక్షరాలలో సగమే బిళ్ళ మీద పడేవి. అందుకే ఆనాటి రూపాయిని చదవాలంటే నాలుగైదు నాణేలు పక్కపక్కన పెట్టుకుని, దీనిలో లేని ముక్కను దానినుంచి తెచ్చుకోవాలి. దాని మీద పేరు మాత్రం నిజాముది కాదు, గద్వాల రాజుది అసలే కాదు, ఢిల్లీలోని మొగలు పాదుషాది! అధికారం ఎర్రకోట గోడలు దాటని పాదుషా పేరు తుంగభద్ర ఒడ్డున వెండి మీద పడుతూనే ఉండేది. 1857 తిరుగుబాటు అణగిపోయి పాదుషా బర్మాకు ప్రవాసం వెళ్ళాక, 1858 నుంచి హైదరాబాదు నాణేల మీద ఆసఫ్‌జా బిరుదు వచ్చింది. దానితోపాటు 92 అన్న అంకె కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. ముహమ్మదు అన్న పేరులోని అక్షరాలకు అరబ్బీ పద్ధతిలో విలువలు కడితే వచ్చే మొత్తం.

ఊరికొక రూపాయి ఉంటే ఏమవుతుంది? తూకంలోనో, మచ్చులోనో తేడా వస్తుంది. నారాయణపేట రూపాయి పట్టుకుని పొరుగు సీమ సంతకు పోతే అక్కడి షరాబు దాన్ని ఎగరేసి మోగించి, గీసి చూసి, బట్టా పట్టుకునేవాడు. బట్టా అంటే మార్పిడిలో కోత. అసలు షరాబు అన్న వృత్తి నిలిచిందే ఈ కోతమీద. 1853లో దివానుగా వచ్చిన మొదటి సాలార్‌జంగు ఈ గందరగోళాన్ని సరిచేయడానికి పూనుకుని, వెలుపలి టంకశాలలను మూయించి నగరంలోని టంకశాలనే నిలిపాడు. అలా వచ్చిన నాణేనికి హాలీ సిక్కా అని పేరు. హాలీ అంటే ప్రస్తుతం నడుస్తున్నదని అర్థం. నిన్నటివన్నీ చెల్లవు, నేడు నడిచేది ఇదొక్కటే అని పేరులోనే చెప్పడమన్నమాట. అయినా గద్వాల నాణెం అంత తేలికగా చావలేదు. రాయచూరు జిల్లాలో అది ఇంకా చెలామణిలో ఉందని ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళ గెజిటీరు చెబుతుంది. నాణేనికి ప్రాణం పోసేది రాజేగాని, ప్రాణం తీయడం మాత్రం అంగడివాడి చేతిలో పని.

నగరంలోని టంకశాల చరిత్ర తేదీలవారీగా చెప్పుకుంటే పొడి పొడిగానే ఉంటుంది. 1803లో మూడవ ఆసఫ్‌జా సికందర్‌జా కాలంలో సుల్తాన్‌షాహీలో మొదలయింది. 1895 ప్రాంతంలో ఐరోపా యంత్రాలు వచ్చాయి. 1903లో సైఫాబాదుకు మారింది. ఆ మార్పు తరవాత వచ్చినవే చార్మినారు నాణేలు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ నాణేల మీద చార్మినారు ద్వారంలో 'మీమ్' అక్షరం, ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ నాణేల మీద 'ఐన్' అక్షరం. ఎవరి పేరులోని మొదటి అక్షరం వారిది. చదువురాని మా నాయనమ్మ కూడా "గుమ్మంల పాముంటే పాతది, కొడవలుంటే కొత్తది" అని పోల్చి చెప్పేదట. (పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు పెట్టినది కూడా ఆ 'మీమ్' నిజాము పేరుమీదనే, 1890లో.) నా దగ్గరున్న మూడింటిలో రెండు కొడవళ్ళు, ఒక పాము.

ఇప్పుడు నూటపదహార్ల దగ్గరకు వద్దాం. బ్రిటిషు రూపాయికి తెలంగాణలో కల్దారు అని పేరు. కల్ అంటే యంత్రం, యంత్రం మీద కొట్టినది గనుక కల్దారు. కల్దారు బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. అంటే సుమారు 10.69 గ్రాముల వెండి. హాలీ బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్ళు వెండి. అంటే 9.14 గ్రాములు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 1.17 వస్తుంది. ఏడును ఆరుతో భాగించినా దాదాపు అంతే. ఏడుకు ఆరు అన్న మారకం ఎవరో దర్బారులో కూర్చుని కల్పించినది కాదు, లోహంలో ఉన్న లెక్కే. కంసాలి "కలుపు ఎక్కువ" అనడం అబద్ధమూ కాదు. 1893లో బ్రిటిషు ప్రభుత్వం ఎవరుపడితే వారు వెండి తెచ్చి రూపాయలు కొట్టించుకునే వీలును మూసివేశాక ఈ మారకం కొన్నాళ్ళు ఊగిసలాడినా, యంత్రపు నాణేలు వచ్చాక నూటపదహారు చుట్టుపక్కలే నిలబడింది.

నూరు కల్దారులకు ఏడు బై ఆరు వేస్తే నూటపదహారు రూపాయల పదణాల ఎనిమిది పైసలు. ఇక్కడినుంచే మన పెళ్ళిపుస్తకాల నూటపదహార్లు వచ్చాయన్నది మిత్రుని వాదం. వినడానికి ఎంతో బాగుంది. కాని నాకు రెండు సందేహాలు. మొదటిది: హాలీ అన్నదే నడవని కోస్తా జిల్లాల్లో, గుంటూరులో, గోదావరి జిల్లాల్లో కూడా నూటపదహార్లే చదివిస్తారు కదా! వారికి కల్దారే సొంత నాణెం. వంద ఇవ్వదలచిన కోస్తావాడు హాలీలోకి మార్చుకుని ఎందుకు చదివించాలి? రెండవది ఇంకా సూటిది. మారకమే మూలమైతే వెయ్యికి ఎంత రావాలి? వెయ్యిన్ని నూటఅరవైయారు చిల్లర రావాలి. మనం చదివించేది వెయ్యిన్నూటపదహార్లు! అయిదు వందలకు అయిదువందల ఎనభైమూడు రావాలి, మనం అనేది అయిదువందల పదహార్లు. పదివేలు చదివించినా చివర నూటపదహార్లే. మొత్తం పెరిగినా పెరగకుండా పక్కన నిలిచిన పదహారును మారకపు వడ్డన అనడం కుదరదు. అది శుభానికి చేర్చిన సంఖ్య. రూపాయికి పదహారణాలు గనుక పదహారు అంటే నిండుదనం అన్న భావన దానికి దగ్గరగా ఉంటుందని నా ఊహ. అయితే నూటికి నూటపదహారు అన్న మారకం తెలంగాణ పల్లెల్లో ఆ ఆచారానికి మరింత బలం చేకూర్చి ఉండవచ్చు. అంతవరకే ఒప్పుకోగలను. మిత్రులు నొచ్చుకోకూడదు.

ఈ మారకం పెళ్ళి చదివింపుల్లోకన్న సరిహద్దుల్లో ఎక్కువగా బతికింది. గద్వాల, అలంపురం ఉన్న నడిగడ్డకు ఒకవైపు కృష్ణ, మరొకవైపు తుంగభద్ర. తుంగభద్ర దాటితే కర్నూలు, అక్కడినుంచి కల్దారు రాజ్యం. ఎడ్లబండి మీద వేరుశనగ తోలుకుపోయిన రైతు కల్దారుల్లో సొమ్ము పుచ్చుకుని, ఇవతలి ఒడ్డుకొచ్చి హాలీల్లో శిస్తు కట్టాలి. ఇటు హుజూర్‌నగర్, కోదాడ వైపు రైతుకు జగ్గయ్యపేట సంత అలాంటిదే. ఆనకట్టల పనులకు పరదేశాలు తిరిగిన పాలమూరు కూలీలు మూటగట్టి తెచ్చినవి కూడా కల్దారులే. పోయేటప్పుడొక లెక్క, వచ్చేటప్పుడొక లెక్క. ఆ రెండు లెక్కల మధ్య ఎప్పుడూ ఒకడు కూర్చునే ఉంటాడు.

ఇప్పుడు నాయనమ్మ భయం సంగతి. మా తాత మోట ఎద్దుల కోసం ఒక షావుకారు దగ్గర డెబ్బై రూపాయలు అప్పు తెచ్చాడు. తెచ్చినవి హాలీలు. కాగితం మీద 'డెబ్బై రూపాయలు' అని మాత్రమే ఉంది, హాలీ అన్న మాట లేదు. హాలీ కాక ఇంకేముంది ఆ రోజుల్లో, రాయవలసిన అవసరమేమిటి అనుకున్నారు. పోలీసు చర్య జరిగి, రాజ్యం మారి, కొత్త రూపాయలు వచ్చాక, షావుకారు కాగితం తీసి డెబ్బై కొత్త రూపాయలు అడిగాడు. వడ్డీ వేరే. ఊళ్ళో వాటిని కూడా కల్దారులనే అనేవారు. డెబ్బై కల్దారులంటే ఎనభైయొక్క హాలీల పదణాల ఎనిమిది పైసలు. అంటే వడ్డీ కాక అసలులోనే పదకొండు రూపాయల పదణాల ఎనిమిది పైసలు ఎక్కువ. తాతకు ఈ లెక్క తెలుసు. తెలిసీ చేయగలిగినదేమీ లేకపోయింది, కాగితం షావుకారుది, వేలిముద్ర తాతది. ఒక పాడిగేదెను అమ్మి ఇచ్చాడు. ఆ గేదె పేరు కూడా నాయనమ్మ చెప్పేది, ఎప్పుడు చెప్పినా గొంతు కాస్త మారేది. ఈ కథంతా ఆమె నోట విన్నదే, ఆ కాగితాన్ని నేను చూడలేదు.

కనుక 'ఏడు ఇస్తే ఆరిస్తరు' అన్న మాటలో అమాయకత్వం ఉందని ఒకప్పుడు నవ్వుకున్న నేను, ఇప్పుడు నవ్వను. న్యాయమైన మారకమే అయినా ఆమె దాన్ని అన్యాయంగా ఎరుకపరచుకుంది. గడువు దాటిపోయేదాకా చెంబు గోడలోనే ఉంది.

హాలీ కాగితాల సంగతి కూడా ఒక మాట. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కరువు వచ్చినప్పుడు, దేశీయ సంస్థానాల్లో హైదరాబాదుకు మాత్రం సొంత నోట్లు వేసుకోవడానికి బ్రిటిషువారు ఒప్పుకున్నారు. 1918 నుంచి ఉస్మానియా సిక్కా నోట్లు వచ్చాయి. వాటి మీద ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడాలలో కూడా విలువ రాసి ఉండేది. పాలనలో, పాఠశాలలో చోటు దొరకక తెలుగు ఒదిగి ఒదిగి ఉన్న ఆ రాజ్యంలో, రూపాయి నోటు మీద మాత్రం దానికి ఒక మూల దొరికింది. 1941లో ఏర్పడ్డ హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఈ నోట్ల వ్యవహారం చూసేది. అదే తరవాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయి, 2017లో భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

1950లో సైఫాబాదు టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. చార్మినారు అచ్చులు పక్కకు పోయి అశోకస్తంభపు సింహాలు వచ్చాయి. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు వచ్చి అణా, బేడ, పావలాల లెక్క చెరిగిపోయింది. మాటల్లో మాత్రం పావలా చాలా కాలం మిగిలింది. 2011లో పాతిక పైసల బిళ్ళ రద్దయ్యేదాకా దానికి ఆ పేరే. సైఫాబాదు చాలక 1997లో నాణేల తయారీ చర్లపల్లికి మారింది. ముంబయి, కోల్‌కతా, నోయిడాలతో కలిపి దేశంలో ఉన్న నాలుగు టంకశాలల్లో అదొకటి. 2006లో ఏర్పడ్డ ప్రభుత్వరంగ సంస్థ ఈ నాలుగింటినీ నడుపుతోంది. సైఫాబాదు పాత భవనాన్ని 2022లో నాణేల ప్రదర్శనశాలగా జనానికి తెరిచారు. వీలున్నవారు తప్పక చూడండి. పిల్లలను వెంటబెట్టుకుపోతే ఇంకా మంచిది.

మీ జేబులోని నాణెం మన దగ్గర పుట్టినదో కాదో తెలుసుకోవడం తేలికే. సంవత్సరం కింద చూడండి. చుక్క ఉంటే నోయిడా. వజ్రపు ఆకారం ఉంటే సాధారణంగా ముంబయి. ఏమీ లేకపోతే కోల్‌కతా. అయిదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాదు. నేను కొన్నేళ్ళుగా ఈ నక్షత్రాలను ఏరి ఒక డబ్బాలో వేస్తున్నాను. ఇంట్లోవాళ్ళు నాయనమ్మ పోలిక వచ్చిందంటారు.

ఆ మధ్య దేవరకొండ బస్టాండులో టీ తాగి పదిరూపాయల బిళ్ళ ఇచ్చాను. నక్షత్రం ఉన్నదే. కొట్టతను అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

"ఇవి నడుస్తలేవు సార్. కాగితం ఉంటే ఇయ్యి."

పదిరూపాయల బిళ్ళ అన్ని రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించిందనీ, అప్పటికి పద్నాలుగు రకాలున్నాయనీ, ఈ బిళ్ళ ఇక్కడికి దగ్గరలోని చర్లపల్లిలోనే తయారయిందనీ చెప్పాను. అతను ఓపికగా అంతా విన్నాడు.

"చెల్లుతయి సార్, నాకు ఎరికే. నేను తీసుకుంట. నా దగ్గర ఎవరు తీసుకుంటరు?"

కాగితమే ఇచ్చి బస్సెక్కాను.